ఐరోపా నగరములలో మనము చూడదగినవి: ఒక విమర్శ

యాత్ర మన కుటుంబములకు క్రొత్త కాదు. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరం ప్రాంతముల నల్లరేగడి నేలపై నేడు తెలుగు మాటలాడుచున్న కుటుంబములు ఒకనాడు ఉత్తరము నుండి బండ్లపైనను కాలినడకను తరలివచ్చిన వారి సంతతివే. కోవిల్‌పట్టి చేరువనున్న ఇడైసెవల్ గ్రామమున జన్మించిన కి. రాజనారాయణన్ గారు 1976లో ప్రకటించిన ‘గోపల్ల గ్రామం’ అను తమిళ నవలకు ఆ వలసయే ఇతివృత్తము. ఆ దారి నడచినవారు చూడవలసిన స్థలముల పట్టికను చేతబట్టుకొని బయలుదేరలేదు. నీరు ఎక్కడ దొరకును, నేల యెట్టిది, ఎవరు ఆదరింతురు అను మూడు ప్రశ్నలే వారికి తెలిసిన యాత్రాశాస్త్రము.

నేడు అట్టి కుటుంబముల పిల్లలు ఉద్యోగముల నిమిత్తమును చదువుల నిమిత్తమును లండను, ఫ్రాంక్‌ఫర్టు, స్టాక్‌హోము వంటి నగరములకు పోవుచున్నారు. వేసవిలో తల్లిదండ్రులు వారిని చూడబోవుచున్నారు. మరికొందరు యాత్రా సంస్థల వెంట పది పండ్రెండు దినములలో ఐరోపా చుట్టి వచ్చుచున్నారు. వీరి కొరకు ‘తప్పక చూడవలసిన స్థలములు’ అను శీర్షికతో కరపత్రములును పుస్తకములును లెక్కకు మిక్కిలిగా వెలువడుచున్నవి. ఆ పట్టికలు మనకు ఎంతవరకు పనికివచ్చును, వానిలో లోపించినది ఏమి యని విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

యాత్రను గూర్చిన రచనను తూచుటకు తెలుగున మంచి తూనికరాయి యొకటి కలదు. అది ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’. ఆయన చెన్నపట్టణపు సుప్రీం కోర్టులో ద్విభాషి. 1830 మే 18వ తేదీని పరివారముతో చెన్నపట్టణము విడిచి, కాశీ గయలు సేవించి, 1831 సెప్టెంబరు 3వ తేదీని తిరిగి యిల్లు చేరెను. దారి పొడవునను వ్రాసిన విషయములను మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ల 1838లో అచ్చు వేయించెను. ఆ గ్రంథమున క్షేత్ర మహిమ యొక్కటే లేదు. మజిలీ మజిలీకి దారి స్థితి, దొరకు సరుకులు, నీటి వసతి, నదులు దాటు విధము, ప్రజల భాషాచారములు వర్ణింపబడినవి. చదివినవాడు ఆ దారిని నడువగలడు. నడువలేనివాడు ఇంట గూర్చుండి తన యూరిని ఆ యూళ్లతో పోల్చుకొనగలడు. యాత్రా రచనకు ఈ రెండు గుణములే ప్రాణము. తరువాత పోతము జానకమ్మ రాఘవయ్య గారు ఇంగ్లండును చూచి తెలుగున వ్రాసిన వృత్తాంతము, ఆంగ్లానువాదముగా 1876లో మద్రాసున వెలువడెను. ఐరోపాను తెలుగు కంటితో చూచుట మనకు నిన్న మొన్నటి అలవాటు కాదని దీనివలన తెలియుచున్నది.

ఈ తూనికరాయితో నేటి పట్టికను తూచి చూతము. లండనులో గడియారపు గోపురము, పారిసులో ఐఫెల్ గోపురము, రోములో కొలోసియము, వెనిసులో పడవ విహారము, స్విట్జర్లాండులో మంచుకొండ, ఆమ్‌స్టర్‌డాములో కాలువలు: ఏ కరపత్రము తీసినను ఇంచుమించు ఇవియే. వీనిలో చూడదగనిది ఒక్కటియు లేదు. ఐఫెల్ గోపురము 1889 నాటికి ఇనుముతో మానవుడు ఎంత ఎత్తునకు పోగలిగెనో చూపును. కొలోసియము పందొమ్మిది శతాబ్దములకు పైగా ఎండవానలకు ఓర్చిన కట్టడము. పట్టిక వలన మరియొక మేలును కలదు. భాష రాని పెద్దలకు, మోకాళ్ల నొప్పులు గలవారికి, మాంసము ముట్టనివారికి అది ధైర్యము కలిగించును. అందరితో కలిసి పోవచ్చును, పప్పన్నము దొరకును, తప్పిపోవు భయము లేదు. మొదటిసారి సముద్రము దాటిన అవ్వలను తాతలను తలచుకొన్నచో, అట్టి యాత్రను ఎగతాళి చేయుట న్యాయము కాదు.

అయినను దోషములు దోషములే. మొదటిది, ఆ పట్టిక ఏ దేశమువానికైనను ఒకటే. కోవిల్‌పట్టి నుండి వచ్చినవాడు ఎవడో, వాని తాత ఏమి పని చేసెనో దానికి అక్కరలేదు. రెండవది, అది చూచుటకు బదులు లెక్కించుట నేర్పును. వాహనము దిగి, ఛాయాచిత్రము తీసికొని, మరల వాహనమెక్కిన చోటెల్ల ‘చూచితిమి’ అని గుర్తు పెట్టుకొందుము. మూడవది మిక్కిలి పెద్దది. ఏమి చూడవలెనో చెప్పును గాని, ఏల చూడవలెనో చెప్పదు. ఆ ‘ఏల’ అను ప్రశ్నకు సమాధానము మన యింటి చరిత్రలో వెదకవలెను. అట్లు వెదకినచో ఐరోపా పటముపై వేరొక దారి కనబడును. ఆ దారిలోని కొన్ని మజిలీలను ఇచట సూచించుచున్నాను.

కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి వారు చూడదగిన మొదటి యూరు సామాన్యముగా కరపత్రములకు ఎక్కదు. అది స్వీడన్ దేశమున వెట్టర్న్ సరస్సు దక్షిణపు కొననున్న యోన్‌షోపింగ్. 1844లో గుస్తాఫ్ ఎరిక్ పాష్ అను స్వీడన్ శాస్త్రజ్ఞుడు సురక్షితమైన అగ్గిపుల్లకు పేటెంటు పొందెను. భాస్వరమును పుల్ల తలకు గాక పెట్టె ప్రక్కకు పూయుట అందలి కీలకము. యోన్‌షోపింగ్‌కు చెందిన లుండ్‌స్ట్రోమ్ సోదరులు దానిని అమ్మకమునకు తగినట్లు తీర్చిదిద్దిరి. 1855 నాటి పారిసు ప్రదర్శనలో దానికి పతకము లభించెను. 1848 నాటి వారి కర్మాగారపు భవనముననే అగ్గిపెట్టెల మ్యూజియము నెలకొన్నది.

అంతకుముందు తెల్ల భాస్వరము వాడిన కర్మాగారములలో పనివారి దవడ యెముకలు కుళ్లిపోయెడివి. లండను తూర్పు భాగమున బో పేటలోని బ్రయంట్ అండ్ మే కర్మాగారమున 1888లో స్త్రీలును బాలికలును చేసిన సమ్మె వారి కష్టములను లోకమునకు చాటెను. 1906 నాటి బెర్న్ ఒప్పందము తెల్ల భాస్వరపు పుల్లల నిషేధమునకు దారి తీసెను. ఇక మన దేశమున 1923లో స్వీడన్ వారి సంస్థయే వెస్టర్న్ ఇండియా మ్యాచ్ కంపెనీని నెలకొల్పెను. ఇంచుమించు అదే కాలమున శివకాశి ప్రాంతమున మనవారి అగ్గిపెట్టెల పని మొలకెత్తెను. వారి యంత్రములకు మనవారి చేతిపని ఎదురు నిలిచెను. ఆ చేతులలో ఎక్కువ భాగము స్త్రీలవి. చిరకాలము పిల్లలవి కూడ. ఇంటి ముంగిట చట్రములో పుల్లలు పేర్చి బిడ్డలను చదివించిన అవ్వ యున్న కుటుంబమునకు యోన్‌షోపింగ్ కంటె చూడదగిన యూరు ఐరోపాలో ఏది? ఐఫెల్ గోపురము క్రింద ఆ అవ్వ ఒక ప్రేక్షకురాలు మాత్రమే. అగ్గిపెట్టెల మ్యూజియములో ఆమెయే మనుమలకు ఉపాధ్యాయురాలు.

రెండవ మజిలీ లండను. బ్రిటిష్ మ్యూజియము ప్రధాన శాలలకు ప్రవేశ రుసుము లేదు. పట్టిక నమ్మినవారు ఈజిప్టు శవములను, రొసెట్టా శిలను చూచి బయటికి వత్తురు. 33ఏ అను శాల అమరావతి శిల్పములకు ప్రత్యేకింపబడినది. ఆ స్తూపపు శిల్పములు ఆ మ్యూజియమునకు 120కి పైగా కలవు. వాని ప్రయాణమును తెలిసికొని పోవుట మంచిది. పద్దెనిమిదవ శతాబ్ది చివర కొలిన్ మెకంజీ ఆ దిబ్బను చూచెను; 1816లో మరల వచ్చి చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి శిల్పములను చెన్నపట్టణమునకు పంపెను. 1859లో అవి ఓడనెక్కెను. 1880 ప్రాంతమున బ్రిటిష్ మ్యూజియమున చేరెను. ఆ స్తూపపు శిల్పములలో మరియొక పెద్ద భాగము ఎగ్మూరు మ్యూజియముననే యున్నది. కోవిల్‌పట్టి, విరుదునగరం స్టేషనులలో రాత్రి రైలెక్కినవారు తెల్లవారి ఎగ్మూరులో దిగుదురు. లండను పోవువారు ముందుగా ఒక దినము ఎగ్మూరులో గడపి, అచటి పద్మములను, జాతక కథలను కన్నులార చూచి, ఆ మీదట విమానమెక్కినచో, సముద్రమునకు ఆవల నున్న రాతిలో తమవారిని గుర్తుపట్టినట్లుండును.

“ఇవి ఇక్కడికి ఎట్లు వచ్చినవి?” అని పిల్లలు తప్పక అడుగుదురు. దానికి కోపముతో ఒక్క మాట చెప్పి ఊరకుండుట తగదు. పైన చెప్పిన పేర్లును సంవత్సరములును చెప్పవలెను. దొరలు రాకమునుపే, 1790ల నాటికే, ఊరివారు ఆ రాళ్లను క్రొత్త కట్టడములకు తరలించుచుండిరనియు చెప్పవలెను. సగము చెప్పిన చరిత్ర పిల్లలకు ఆవేశము నిచ్చును గాని జ్ఞానము నియ్యదు.

లండనులోనే కెన్సల్ గ్రీన్ శ్మశానవాటిక యున్నది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అచట విశ్రమించుచున్నాడు. 1798లో కలకత్తాలో పుట్టి, 1829లో వేమన పద్యములను అచ్చొత్తించి, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించి, వృద్ధాప్యమున లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12వ తేదీని అతడు కన్నుమూసెను. శ్మశానము చూచుట మన యాచారము కాదని కొందరనవచ్చును. కాని, చెదలు తినుచున్న తాళపత్రములను సొంత ధనము వెచ్చించి వ్రాయించి నిలిపినవానికి ఒక నమస్కారము పెట్టుటకు ఆచారము అడ్డు రాదు.

మూడవ మజిలీ జర్మనీలోని హాలే. లైప్‌జిగ్ నుండి రైలులో కొద్ది సేపటి ప్రయాణము. 1698లో ఫ్రాంకే స్థాపించిన అనాథాశ్రమపు భవనములు నేటికిని నిలిచియున్నవి. పై అంతస్తులో ఆనాటి వింత వస్తువుల ప్రదర్శనశాల కలదు. మనకు ముఖ్యమైనది వేరొకటి. బెంజమిన్ షుల్జ్ అను మతప్రచారకుడు 1719లో తరంగంబాడికి వచ్చి, 1726లో చెన్నపట్టణము చేరి, అచట తెలుగు నేర్చి, వ్యాకరణము వ్రాసెను. 1743లో స్వదేశమునకు మరలిపోయి, 1746–47 సంవత్సరములలో హాలేలో తెలుగు అచ్చు పుస్తకములను వెలువరించెను. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకములుగా ఎన్నబడుచున్నవి అవియే. అవి మతప్రచారమునకు వ్రాసిన చిన్న పుస్తకములు. సాహిత్యముగా వాని విలువ స్వల్పము. ఐనను తమిళనాట నివసించు మనము గమనింపవలసినది ఒకటి కలదు. ఆ తెలుగు గోదావరి తీరమున నేర్చినది కాదు. చెన్నపట్టణపు వీధులలో నేర్చినది. తెలుగు లిపి సీసపు అక్షరముగా మారినది తమిళ దేశపు తెలుగువారి నోటి మాట వలననే యన్నచో అతిశయోక్తి కాదు. పొరుగునాట నున్నవారి తెలుగు తక్కువదియని తలచువారికి హాలే తగిన సమాధానము.

నాలుగవ మజిలీ వెనిస్. అచట పడవ విహారము చేయవలదని నేననను. కాని, ఆ పడవ దిగినపిదప, మలిబ్రాన్ నాటకశాల చెంతనున్న ‘కోర్తే దెల్ మిలియోన్’ అను ముంగిలికి నడచి పోవలెను. మార్కో పోలో కుటుంబము నివసించిన తావు అది. 1271లో ఊరు విడిచి 1295లో తిరిగివచ్చిన ఆ వర్తకుడు, ఒక రాణి యేలుబడిలోని మోటుపల్లి రాజ్యమును, అందలి వజ్రములను, సన్నని వస్త్రములను వర్ణించెను. ఆ రాణి కాకతి రుద్రమయని చరిత్రకారుల అభిప్రాయము. అతడే పాండ్య దేశపు కాయల్ రేవును, అచటికి ఓడలలో దిగుచున్న గుఱ్ఱములను వర్ణించెను. ఆ కాయల్ నేటి తూత్తుకుడి జిల్లాలోని పళయకాయల్. మన కోవిల్‌పట్టియు ఆ జిల్లాలోనిదే. తెలుగు తీరమును, మన పాండ్య తీరమును ఒకే గ్రంథమున చేర్చిన మనిషి ముంగిటిలో నిలిచి, మనము ఏ తీరపు వారమని పిల్లలడిగినచో, రెండు తీరముల వారమని చెప్పుటకు అంతకంటె తగిన చోటు లేదు.

వజ్రముల విషయము క్లుప్తముగా చెప్పి విడిచెదను. లండను దుర్గమున కోహినూరు కలదు. గోల్కొండ రాజ్యపు గనిలో దొరకి, 1702లో మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొని, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మిన రీజెంట్ వజ్రము లూవ్ర్ మ్యూజియమునకు చెందినది. 2025 అక్టోబరులో ఆ మ్యూజియపు అపోలో శాలలో ఆభరణములు దొంగిలింపబడినవి. రీజెంట్ దొంగల పాలు కాలేదు. ఇప్పుడు ఏది ప్రదర్శనలో నున్నదో ముందుగా విచారించుకొని పోవలెను. వజ్రమును చూచి ‘ఇది మనది’ యని నిట్టూర్చుట అందరును చేయుదురు. కృష్ణ యొడ్డున ఆ గనులలో మట్టి జల్లించిన కూలివారిని తలచుకొనువారు అరుదు. అగ్గిపుల్లలు పేర్చిన యిండ్లవారమైన మనమైనను తలచుకొనవలెను.

విరుదునగరం వారికి ప్రత్యేకముగా ఒక మాట. మిరప, ధనియాలు, పప్పులు, నూనెల ధరలకు పేరొందిన వర్తక పట్టణము మీది. మీరు ఏ నగరమునకు పోయినను ఒక ఉదయము బజారునకు కేటాయింపుడు. లండనులో బరో మార్కెట్టు, వియన్నాలో నాష్‌మార్క్ట్, బార్సిలోనాలో బొకేరియా కలవు. సరుకు ఎట్లు పేర్చుదురు, ధర ఎట్లు వ్రాయుదురు, మిగిలిన కూరగాయలను సాయంకాలము ఏమి చేయుదురు అని మీరు చూచునట్లు ఏ మార్గదర్శియు చూపలేడు. అది మీకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఇక ప్రయాణ సౌకర్యములు. స్వీడన్, జర్మనీ, ఫ్రాన్సు, ఇటలీలకు షెన్‌గెన్ వీసా ఒక్కటి చాలును. 29 దేశములకు అది చెల్లును; ఏ 180 దినములలోనైనను 90 దినములకు మించి ఉండరాదు. బ్రిటనుకు వేరు వీసా కావలెను. లూవ్ర్ మంగళవారము మూసియుండును. వెనిస్ నగరము 2024 నుండి కొన్ని దినములలో, పగటికి మాత్రమే వచ్చువారి నుండి ప్రవేశ రుసుము తీసికొనుచున్నది. పండ్రెండు దినములలో పది నగరములు చూడబోక, నాలుగింటితో తృప్తి పడుట మేలు. ఒక్కొక్క నగరమున ఒక పూట ఏ పట్టికయు లేక ఊరక నడచుటకు ఉంచుకొనవలెను. చూపు పదును పెట్టుకొనుటకు సముద్రము దాటనక్కరలేదు. కోవిల్‌పట్టికి చేరువనున్న కళుగుమలైలో ఎనిమిదవ శతాబ్దపు పాండ్య శిల్పులు ఒకే కొండరాతిని పైనుండి క్రిందికి తొలిచి, ముగింపక విడిచిన వెట్టువాన్ కోయిల్ కలదు. ఉలి ఎక్కడ ఆగినదో అచట స్పష్టముగా కనబడును. ఒక అరపూట దానియెదుట గూర్చుండగలిగినవాడు కొలోసియమునకు పోవుటకు అర్హుడు.

ఇంతవరకు చెప్పినది స్థలములను గూర్చి. అసలు చింత వేరొకటి. మన యిండ్లలో తెలుగు చెవికి తెలిసిన భాష. కంటికి తెలియని భాష యగుచున్నది. పిల్లలు అవ్వతో తెలుగు మాటలాడుదురు. చదువుట తమిళమున, ఆంగ్లమున. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. దానిని నేర్చుట మన ధర్మము. కాని హాలేలో అచ్చయిన పుస్తకపు పుటను మన మనుమరాలి ముందు పెట్టినప్పుడు ఆమె దానిని చదువలేక, ఒక జర్మను పండితుడు చదివి అర్థము చెప్పవలసివచ్చినచో, ఆ యాత్ర మనకు గర్వకారణమగునా? ఇన్ని వేల మైళ్లు పోయి మన అక్షరమును పరాయి వింతవలె చూచి వచ్చుటకు అంత ధనము ఏల?

కావున ఐరోపా యాత్రకు సన్నాహము వీసా కార్యాలయమున గాక, ఇంటి పలకపై ఆరంభము కావలెను. ప్రయాణమునకు ఆరు మాసముల ముందు, దినమునకు అరగంట చొప్పున పెద్దలు పిల్లలకు అక్షరములు దిద్దించినచో చాలును. తెలుగు చదువ నేర్చిన పెద్దలు ఈ సంచికను వారికి చదివి వినిపింపవలెను. తిరిగి వచ్చినవారు ఛాయాచిత్రములు చూపి ఊరకొనక, వీరాస్వామయ్య గారివలె దారిని, భోజనమును, ఖర్చును, చూచినదానిని తెలుగున నాలుగు పుటలు వ్రాసి సంఘమునకు ఈయవలెను. అట్టి వ్రాతలు కొన్ని చేరినచో, కోవిల్‌పట్టి, విరుదునగరం తెలుగువారికి తగిన మార్గదర్శి గ్రంథము తనంతట తానే సిద్ధమగును. అప్పుడు మన పట్టికకై మరియొకరి కరపత్రమును అడుగనక్కరలేదు.